ఆటలో నేర్చింది బయట ఎంతవరకు పనికొస్తుంది?

వీడియో గేముల మీద ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడిగాయి: తెర మీద చేసే పనికీ, బయట చేసే పనికీ లంకె ఎక్కడుంది అని. ఆటను బట్టి జవాబు మారిపోతుంది. అందుకే ఒక్కో ఉత్తరానికి విడిగా రాస్తున్నాం.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాకెట్లు కట్టి ఎగరేసే ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో నా రాకెట్ ప్రతిసారీ 8, 10 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి పల్టీ కొడుతోంది. ఇంకో సందేహం. అపోలో మూడు నాలుగు రోజుల్లో చంద్రుణ్ణి చేరితే, మన చంద్రయాన్-3 భూమి చుట్టూ అన్నిసార్లు ఎందుకు తిరిగింది సార్?

జవాబు: ముందు పల్టీ సంగతి చూద్దాం. రాకెట్‌కు ద్రవ్యరాశి కేంద్రం పైన, గాలి ఒత్తిడి కేంద్రం కింద ఉన్నంతసేపే ముక్కు ముందుకు ఉంటుంది. నిర్మాణశాల తెరలో ఎడమవైపు అడుగున ఉన్న బొత్తాలు నొక్కితే పసుపు-నలుపు బంతి, నీలం బంతి కనిపిస్తాయి. మొదటిది ద్రవ్యరాశిది, రెండోది రెక్కలదీ. చాలామంది మోసపోయేది ఇక్కడే. నీలం బంతి రెక్కల లెక్క మాత్రమే చెబుతుంది. పైన పెట్టిన వెడల్పాటి ఉపగ్రహం గాలిని ఎంత అడ్డుకుంటుందో అది చూపించదు. కాబట్టి పైభాగాన్ని ముక్కు తొడుగు, అంటే ఫెయిరింగ్‌తో మూసేయండి, అడుగున నాలుగు రెక్కలు పెట్టండి. బయల్దేరేటప్పుడు ఇంజిన్ తోపు (నెట్టే బలం) రాకెట్ బరువుకు 1.3 నుంచి 1.5 రెట్లు ఉంటే చాలు. రెండు రెట్లు దాటితే దట్టమైన గాలిలోనే వేగం పెరిగిపోయి పల్టీ ఇంకా సులువవుతుంది.

వంచడం కూడా మెల్లగా జరగాలి. వేగం సెకనుకు 60 నుంచి 100 మీటర్ల మధ్యకు రాగానే తూర్పుకు 5 డిగ్రీలు వంచండి. 10, 12 కిలోమీటర్లు వచ్చేసరికి 45 డిగ్రీలు అయ్యేలా చూడండి. ఈ దారంతా ముక్కు ఆ పసుపుపచ్చ ప్రయాణదిశ గుర్తు వలయం దాటి బయటికి రాకూడదు. పది కిలోమీటర్ల దాకా నిట్టనిలువుగా పోయి అక్కడ ఒక్కసారిగా 45 డిగ్రీలు తిప్పితే ఎంత మంచి రాకెట్టయినా తిరగబడుతుంది. మీకు జరుగుతున్నది బహుశా ఇదే.

ఇక చంద్రయాన్. ఈ ప్రశ్నకు జవాబు చదివి తెలుసుకోవడం కన్నా ఆడి తెలుసుకోవడం మేలు. సుమారు 4 టన్నుల వ్యోమనౌకను ఆటలో 80 కి.మీ. కక్ష్యలో పెట్టండి. దానికి ఎల్‌వీ-1 యాంట్ అనే చిన్న ఇంజిన్ బిగించండి. దాని తోపు 2 కిలోన్యూటన్లే. అక్కడి నుంచి ఆటలోని చంద్రుడు మన్‌ను అందుకోవాలంటే వేగం సెకనుకు 860 మీటర్ల మేర పెరగాలి. ఈ ఇంజిన్‌తో అందుకు 25 నిమిషాలు పడుతుంది. కానీ ఆ కక్ష్యలో ఒక చుట్టుకు పట్టేదే 31 నిమిషాలు! అంటే ఇంజిన్ ఆరేలోపు మీరు దాదాపు గ్రహం చుట్టూ తిరిగేస్తారు, తోపు సగం తప్పు దిశలో పోతుంది. అలా కాకుండా కక్ష్యలో గ్రహానికి అతి దగ్గరి బిందువుకు అటూ ఇటూ రెండు మూడు నిమిషాలే మండించి ఆపేయండి. ఒక చుట్టు తిరిగొచ్చాక అక్కడే మళ్లీ మండించండి. దూరపు కొన ప్రతిసారీ ఎంతెంత పైకి గెంతుతుందో మ్యాపులో చూడండి. వేగం ఎక్కువగా ఉన్నచోట మండించిన ఇంధనం ఎక్కువ శక్తినిస్తుంది. మీ పాఠంలో ఉన్న గతిశక్తి సూత్రంలో వేగానికి వర్గం ఉంది కదా, అదే ఇక్కడ పనిచేస్తోంది.

చంద్రయాన్-3 చేసింది అచ్చంగా ఇదే. 2023 జులై 14న మన రాకెట్ ఎల్‌వీఎం3 దాన్ని సుమారు 170 × 36,500 కి.మీ. కక్ష్యలో వదిలింది. నౌక బరువు దాదాపు 3,900 కిలోలు, ఇంజిన్ తోపు 440 న్యూటన్లు. భాగించి చూడండి: సెకనుకు 0.11 మీటర్ల త్వరణం. వేగం సెకనుకు 100 మీటర్లు పెరగాలంటే పావుగంట పడుతుంది. భూమికి దగ్గరి కొనలో నౌక సెకనుకు 10 కి.మీ. వేగంతో పోతుంటుంది కాబట్టి, ఆ పావుగంటలో 9,000 కి.మీ. జరిగిపోతుంది. అందుకే జులై 15 నుంచి 25 దాకా ఐదు విడతలుగా కక్ష్య పెంచి, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు. అపోలోకు సాటర్న్-5 పై దశ ఇచ్చిన భారీ తోపు ఉంది. మనవాళ్లు అంత పెద్ద రాకెట్ లేకుండా, రోజులు ఖర్చుపెట్టి అదే పని చేశారు.

శ్రీహరికోట మీకు పక్కనే కాబట్టి ఒక మాట. తర్వాతి ఎల్‌వీఎం3 ప్రయోగాన్ని కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని వినండి. మధ్యనున్న ద్రవ ఇంధన దశ ఎల్110 అంటుకున్న క్షణం, పక్కనున్న ఘన ఇంధన దశలు ఎస్200లు విడిపోయిన క్షణం, ఫెయిరింగ్ ఊడిన ఎత్తు రాసుకోండి. చంద్రయాన్-3కి ఫెయిరింగ్ సుమారు 115 కి.మీ. ఎత్తున ఊడింది. ఆటలో మీరు ఎక్కడ ఊడదీస్తున్నారో దాంతో పోల్చి చూసుకోండి. షార్‌లో జనం కూర్చుని చూసే గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

ప్రశ్న: ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో ట్రాలీని రివర్స్‌లో షెడ్డులోకి సునాయాసంగా పెడతాను. ఇంట్లో నిజం ట్రాక్టర్ ఉన్నా నాన్న ట్రాలీ తగిలించి రివర్స్ చెయ్యనివ్వడం లేదు. నాకు 19 ఏళ్లు, లైసెన్సు ఉంది. ఆటలో నేర్చుకున్నది చాలదా? (మిర్యాలగూడ)

జవాబు: మీ నాన్నగారి జాగ్రత్తలో అర్థం ఉంది, మీ సాధనలోనూ ఉంది. స్టీరింగ్ ఎప్పుడు ఎటు తిప్పాలో ఆ క్రమం ఆట నుంచి నికరంగా వస్తుంది. ట్రాలీ వెనక భాగం ఎడమకు పోవాలంటే ముందు స్టీరింగ్ కుడికి తిప్పాలి. ట్రాలీ ఎడమకు విరగడం మొదలవగానే స్టీరింగ్‌ను ఎడమకు తెచ్చి దాని వెంట పోవాలి. కొత్తవాళ్లు తప్పేది ఈ రెండో అడుగులో. కుడికి పట్టుకుని అలాగే ఉండిపోతే ట్రాలీ మడతపడి, దాని ముందు దూలం ట్రాక్టర్ పెద్ద టైరుకు రాసుకుంటుంది. మడతపడుతోందని అనుమానం రాగానే ఆగి, ఐదారు మీటర్లు ముందుకు పోయి, అంతా తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ముందుకు పోవడం చిన్నతనం కాదు. లారీ నడిపేవాళ్లూ అదే చేస్తారు.

అయితే ఆటలో మీరు ఏ కెమెరాతో చేస్తున్నారు? పైనుంచి చూపించే కెమెరాతో అయితే ఆ నేర్పు బయట అక్కరకు రాదు, పొలంలో ఆ చూపు ఉండదు. సీట్లోంచి కనిపించే కెమెరాకు మారండి, తల వెనక్కి తిప్పి చూసే బొత్తాం వాడండి. కీబోర్డు వద్దు. తిరిగే చక్రం ఉంటే దాన్ని 900 డిగ్రీలకు పెట్టండి, అంటే రెండున్నర చుట్లు. ఇరుసు ఒక్కటే ఉన్న ట్రాలీతో సాధన చేయండి. ముందు ఇరుసు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రాలీలో విరిగే చోట్లు రెండుంటాయి. అది వేరే విద్య, ఇప్పుడే దాని జోలికి పోకండి. ఇంకో సంగతి, కొక్కెం నుంచి ఇరుసుకు దూరం ఎంత తక్కువుంటే ట్రాలీ అంత త్వరగా మడతపడుతుంది. చిన్న ట్రాలీ సులువనుకోవడం పొరపాటు.

ఆట ఇవ్వనివి: క్లచ్ పట్టు, మెత్తటి నేలలో చక్రం దిగబడటం, ఏటవాలులో నిండు ట్రాలీ ట్రాక్టర్‌ను వెనక నుంచి నెట్టడం. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. నాన్నగారిని ఇలా అడగండి: ఖాళీ ట్రాలీ, ఎండిన బీడు, అన్నిటికన్నా నెమ్మదైన రివర్స్ గేరు. కుడి ఎడమ బ్రేకు పెడళ్లు రెండూ కలిపి గొళ్లెం వేసుండాలి. గేటుకు బదులు రెండు గడ్డి మోపులు, ట్రాలీ వెడల్పుకు రెండుపక్కలా రెండేసి అడుగులు వదిలి పెట్టుకోండి. ఆయన మీకు కనిపించే పక్కన నిలబడాలి, ట్రాలీ వెనక ఎవరూ ఉండకూడదు. ఆయన కనిపించకుండా పోయిన మరుక్షణం బ్రేకు తొక్కాలి. ఈ ఒక్క నియమం ఎప్పటికీ తప్పకండి.

ప్రశ్న: గేములు ఆడితే బుర్ర చురుకవుతుందని మా తమ్ముడి వాదన. నిజమేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: బుర్ర మొత్తానికి అలా చెప్పలేం. ఏ పని ఆటను పోలి ఉంటుందో ఆ పనికే చురుకు వస్తుంది. 2007లో అమెరికాలో 33 మంది సర్జన్ల మీద ఒక పరిశీలన అచ్చయింది. గతంలో వారానికి మూడు గంటలకు మించి ఆడిన సర్జన్లు లాప్రోస్కోపీ (చిన్న కోతల్లోంచి కెమెరా పంపి, తెర చూస్తూ చేసే సర్జరీ) సాధన పరీక్షలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా ముగించారు. అక్కడ పోలిక స్పష్టం: రెండిట్లోనూ కళ్లు తెర మీదుంటాయి, చేతులు వేరేచోట పనిచేస్తుంటాయి. అయినా ఆటే వాళ్లను అలా తయారుచేసిందని ఆ లెక్క రుజువు చేయదు. చేతివాటం ఉన్నవాళ్లే ఆటలకు ఎక్కువ మళ్లి ఉండవచ్చు. మీ తమ్ముణ్ణి ఏ ఆట ఆడుతున్నాడో, దానివల్ల ఏ పని బాగా చేయగలనంటున్నాడో చెప్పమనండి. పని పేరు చెప్పగలిగితే వాదనకు బలం ఉన్నట్టే.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. రోజంతా మైన్‌క్రాఫ్ట్. దసరా సెలవుల్లో రామప్ప గుడికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఈ రెండిటినీ కలిపే మార్గం ఉందా? (ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: చక్కటి ఆలోచన అమ్మా. రామప్పను మైన్‌క్రాఫ్ట్‌లో కట్టమనండి, కానీ కొలతలు గుడి దగ్గర వాడే తీసుకోవాలి.

ముందు స్కేలు తేల్చుకోవాలి. ఆటలో ఒక బ్లాకు అంటే ఒక మీటరు. ఆ లెక్కన కడితే ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకార పీఠం రెండు బ్లాకులు కూడా రాదు, అంచుల మడతలన్నీ పోతాయి. ఒక బ్లాకును 25 సెంటీమీటర్లుగా అనుకోమనండి. అప్పుడు పీఠం ఏడు బ్లాకులొస్తుంది, నక్షత్రం కోణాలు మెట్లు మెట్లుగా తెలుస్తాయి. అయిదు మీటర్ల టేపు, గీతల పుస్తకం, ఫోను చాలు. పీఠం ఒక కోణం నుంచి మరో కోణానికి ఎంతో, స్తంభానికి స్తంభానికి మధ్య ఎంతో కొలవాలి. శిల్పాల మీద టేపు ఆనించకూడదు, ఎక్కకూడదు. అక్కడి సిబ్బందిని ముందే అడగండి. అందని ఎత్తులకు నీడ పద్ధతి ఉంది. మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కొలవాలి, అదే నిమిషంలో గోడ నీడ కొలవాలి. కర్ర నీడ 80 సెం.మీ., గోడ నీడ 4 మీటర్లు అయితే గోడ ఎత్తు 5 మీటర్లు. ఎండ సూటిగా పడే మధ్యాహ్నం నీడ పొట్టిదైపోయి తేడా పెద్దదవుతుంది, కాబట్టి ఉదయం తొమ్మిది ప్రాంతంలో కొలవండి. ఫోటోలు ప్రతి ముఖానికీ సరిగ్గా ఎదురుగా నిలబడి తీయాలి. వారగా తీసిన ఫోటోలో బ్లాకులు లెక్కపెట్టలేరు.

ఇంటికొచ్చాక పీఠంలో నాలుగో వంతు మాత్రం కట్టి, మిగతాది స్ట్రక్చర్ బ్లాకులోని అద్దం అమరికతో తిప్పి అతికించవచ్చు. జావా ఎడిషన్‌లో ఒక్కసారికి ఒక్కో దిశలో 48 బ్లాకుల వరకే కుదురుతుంది కనుక ముక్కలుగా చేయాలి. ఎర్ర ఇసుకరాతికి రెడ్ శాండ్‌స్టోన్, నిగనిగలాడే నల్ల మదనిక శిల్పాలకు పాలిష్డ్ బ్లాక్‌స్టోన్ నప్పుతాయి.

అసలు పాఠం ఆట అబద్ధం చెప్పే చోట ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో రాయి కింద ఆధారం తీసేసినా గాల్లో నిలుస్తుంది, ఇసుక మాత్రం జారిపడుతుంది. 1213 నాటి రామప్పలో జరిగింది దీనికి తలకిందులు: కింద ఇసుకను పెట్టెలా బిగించి పునాదిగా వాడారు, పైన రాతి బరువు ఎక్కడ తగ్గించాలా అని చూసి విమానాన్ని (గర్భగుడి మీది శిఖరాన్ని) నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. కాబట్టి వాడికి ఇంటి నియమం ఒకటి పెట్టండి. ఏ దూలమూ రెండు స్తంభాల మధ్య 12 బ్లాకులు, అంటే మూడు మీటర్లు దాటకూడదు. రాయి పైనుంచి పడే ఒత్తిడిని తట్టుకుంటుంది కానీ వంగితే అడుగున పగులుతుంది. ఈ నియమంతో కడితే మంటపంలో అన్ని స్తంభాలెందుకో వాడి చేతికే తెలుస్తుంది. వాణ్ణి ఏమీ బోధించకండి, దూలం వేసేటప్పుడు 'ఇది నిలుస్తుందా నాన్నా?' అని మాత్రం అడగండి.

ప్రశ్న: మనవరాలు స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట చూపించి 'అమ్మమ్మా, మన మేడ మీద కూడా పండిద్దాం' అంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (గుంటూరు)

జవాబు: మెంతికూరతో మొదలుపెట్టండి. ఆటలో పార్స్‌నిప్ నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. పిల్లకు ఆ వేగం అలవాటైంది కనుక, నెలల తరబడి ఎదురుచూసే వంగ, టమాటా మొదట్లోనే పెడితే విసుగొస్తుంది. మెంతులు రాత్రంతా నానబెట్టి, ఆరేడు అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టిలో చల్లి, పైన అర సెంటీమీటరు మట్టి కప్పితే మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తాయి, మూడు వారాలు దాటాక కోయొచ్చు. మట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. తొట్టి అడుగున కన్నాలు తప్పనిసరి.

చెడేది నీళ్ల దగ్గర. ఆటలో రోజూ పొద్దున్నే తడపడం నియమం. ఒక రోజు మానితే మొక్క చావదు, ఎదుగుదల ఆగుతుందంతే. మేడ మీద రెండూ వేరు. మేలో ఒక్క మధ్యాహ్నం చాలు, లేత మొక్క వాడిపోతుంది. వానాకాలంలో రోజూ పోస్తే కాండం నేల దగ్గర మెత్తబడి, నారు గుంపులుగా ఒరిగిపోతుంది. పిల్లకు ఇలా నేర్పండి: వేలు ఒక కణుపు దాకా మట్టిలోకి దించాలి, తడి తగిలితే ఆ పూట నీళ్లు లేవు. ఆటలో దిష్టిబొమ్మ పెడితే కాకులు రావు. ఇక్కడ పావురాలకు, ఉడతలకు వల కప్పాల్సిందే. ఆట నుంచి తీసుకోవాల్సినది ఆ పంచాంగం. ఏ రోజు విత్తింది, ఏ రోజు మొలిచింది, ఏ రోజు కోయాలన్నది క్యాలెండర్ మీద ఆమె చేత రాయించండి. మొదటి తొట్టి విత్తిన వారానికి రెండోది విత్తిస్తే ఒకటి కోసేలోపు ఇంకొకటి సిద్ధమవుతుంది.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి పైలట్ అవుతానని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొనిపించాడు. ఉపయోగమేనా? (విశాఖపట్నం)

జవాబు: పద్ధతికి ఉపయోగమే, చేతి స్పర్శకు కాదు. వాడు ఎయిర్‌బస్సు వదిలేసి సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కాలి. నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే చుట్టూ తిరిగి, 65 నాట్ల వేగంతో దిగడం సాధన చేయాలి. విశాఖ దాదాపు సముద్రమట్టంలో ఉంది కాబట్టి ఆల్టిమీటరు (ఎత్తు చూపే మీటరు) సుమారు వెయ్యి చూపిస్తే సరి. అదే బేగంపేటలో చేస్తే 2,740 చూపించాలి, అక్కడి రన్‌వేనే సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఈ తేడా సొంతంగా గ్రహించిన పిల్లాడికి ఆల్టిమీటరు సెట్టింగు పాఠం సగం వచ్చేసినట్టే. సిమ్యులేటర్ మీద ఆడి వచ్చిన విద్యార్థులతో శిక్షకులకు ఉండే చిక్కు ఒకటే, కళ్లు మీటర్ల మీదే ఉంటాయి, కిటికీలోంచి బయటికి చూడరు. అందుకని మీటర్లను కాగితంతో కప్పి, ముక్కు క్షితిజానికి ఎంత కింద ఉందో చూసి దించమనండి. కమర్షియల్ లైసెన్సుకు ఇంటర్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు, 200 గంటల నిజమైన ఎగురుడు, క్లాస్-1 వైద్య పరీక్ష కావాలి. సిమ్యులేటర్‌కు ఖర్చు పెంచేముందు క్లాస్-2 వైద్య పరీక్ష చేయించండి. కంటిచూపులోనో, రంగులు గుర్తించడంలోనో ఇబ్బంది ఉంటే ముందే తెలుస్తుంది.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. సంక్రాంతికి వస్తున్నాం. పిల్లలు జియోగెసర్‌లో వీధి దృశ్యం చూసి ఊళ్లు కనిపెట్టడంలో దిట్టలు, కానీ హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా కారులో కూర్చోవాలంటే ఏడుపు.

జవాబు: జియోగెసర్ ఆడే పిల్లలు కారు అద్దంలోంచి చూడటానికి సిద్ధంగా ఉన్నవాళ్లే, ఏం వెతకాలో ఇవ్వండి చాలు. కిలోమీటరు రాయి తల పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. మీరు వెళ్లే 65వ నంబరు దారి మీద పసుపు కనిపిస్తుంది. కోదాడ దాటాక ఏ పల్లెలోకైనా మళ్లి నారింజ రాయి పట్టుకున్నవాళ్లకు ఎక్కువ మార్కులు. నంబరు ప్లేట్లలో తెలుపు సొంత బండి, పసుపు బాడుగ బండి, ఆకుపచ్చ కరెంటు బండి. తెలంగాణ బండ్లలో టీఎస్ ఉంటే 2024 మార్చికి ముందు రిజిస్టరైనది, టీజీ ఉంటే ఆ తర్వాతిది. అక్షరాలు చదవడం రాని చిన్నవాళ్లకు బోర్డు మీది తలకట్టు చూపండి. తెలుగులో అది టిక్కు కొట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడంలో అడ్డంగా సాగి కొక్కెంలా వంగుతుంది. బెంగళూరు వెళ్లే బస్సు పక్కన వచ్చినప్పుడు రెండూ ఒకేచోట దొరకొచ్చు.